ఇంటి బేరము: బయానా ఎప్పుడు ఇయ్యవలెను?

నాందేడ్‌లోని మన నేత కుటుంబములకు సొంత ఇల్లు తలదాచుకొను చోటు మాత్రమే కాదు. మగ్గమున్న వారికి అదే కార్ఖానా. మగ్గము విడిచి వేరు పనిలో చేరిన వారికి అది పెద్దల కష్టార్జితము. అట్టి సొమ్ము ఒక్క పూట తొందరపాటుతో చిక్కులలో పడుట మేము పలుచోట్ల చూచితిమి. మా ఇంటనే ఒకసారి జరిగినది. ఇల్లు నచ్చినది, దలాలీ “సాయంత్రానికి ఇంకొకరు వచ్చుచున్నారు” అన్నాడు, మేము నూలు కొనుటకు ఉంచిన పైకము తీసి బయానా ఇచ్చితిమి. పది దినములకు అమ్మువాని అక్కగారు వచ్చి “నా భాగము మాట ఏమి?” అని అడిగినది. బేరము ఆగిపోయినది. పైకములో సగము చేతికి వచ్చుటకు రెండేండ్లు పట్టినది. ఆ నెలలలో నూలు లేక మగ్గము మూలకు పడినది.

ఆ దెబ్బతో నేర్చుకొన్న పాఠమిది: ధర చెప్పుట వేరు, బయానా ఇచ్చుట వేరు. ధర మాటతో చెప్పవచ్చును. బయానా మాత్రము మూడు లెక్కలు తేలిన పిదపనే ఇయ్యవలెను. నూలు లెక్క చూడక పడుగు చేయము గదా!

మొదటిది సొమ్ము లెక్క. చేతిలోనున్న పైకమంతయు ఇంటి పైకము కాదు. నూలు, రంగు, కూలి కొరకు తిరుగు పెట్టుబడిని ముందే పక్కకు తీయవలెను. ఆరు నెలల ఇంటి ఖర్చు మరియొక పక్కన పెట్టవలెను. మిగిలినదే ఇంటి సొమ్ము. ఉదాహరణకు ఆరు లక్షలున్నవనుకొందము. నూలుకు రెండు లక్షలు, ఇంటి ఖర్చుకు ఒక లక్ష తీసినచో ఇంటికి మూడు లక్షలే. బ్యాంకు ఇంటి విలువ అంతటికి అప్పు ఇయ్యదు. ఎంత ఇచ్చునో బేరమునకు ముందే అడిగి తెలిసికొనవలెను. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషన్ రుసుము, వకీలు ఫీజు, మరమ్మతు కూడ లెక్కలో చేర్చవలెను. మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ రుసుము నూటికి ఒక రూపాయి, 30,000 రూపాయలకు మించదు. స్టాంపు సుంకము దస్తావేజులోని ధరపైనగాని, ప్రభుత్వము కట్టిన విలువపైనగాని, ఏది ఎక్కువైన దానిపై పడును. నివాస గృహము స్త్రీ పేరిట కొన్నచో 2021 ఏప్రిల్ నుండి ఈ సుంకములో నూటికి ఒక రూపాయి తగ్గింపు కలదు. కొనుగోలు ఇంటి ఆడవారి పేరిట చేయుట ఆలోచించదగినదే.

రెండవది కాగితము లెక్క. ఘర్‌పట్టీ రసీదు చూచి యజమాని ఇతడే అని నమ్మరాదు. అది పన్ను కట్టినందుకు గుర్తు, హక్కు పత్రము కాదు. నగర భూమాపన కార్యాలయపు మిళ్కత్ పత్రిక, భూమి విషయమైతే సాత్‌బారా ఉతారా, మునుపటి ఖరీదీ ఖత్తులు చూడవలెను. వకీలు చేత ముప్పది సంవత్సరముల సర్చి చేయించవలెను. తాకట్టు ఉన్నచో చాలవరకు అందులో బయటపడును.

నాందేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. కావున పాత ఇండ్ల కాగితములు ఉర్దూలో, ఫసలీ సంవత్సరములతో ఉండవచ్చును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు శకము సుమారుగా తెలియును. చదువ రాదని వానిని పక్కన పెట్టక, తెలిసినవారి చేత చదివించవలెను.

తండ్రి పోయిన ఇంటిని కొడుకు లొక్కరే అమ్ముచున్నచో ఆగవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీలునామా వ్రాయక పోయిన తండ్రి స్వార్జితములో కుమార్తెకు కూడ సమభాగ మిచ్చినది. 2005 సవరణ పిత్రార్జితములోను ఆమెకు కొడుకుతో సమాన హక్కు కల్పించినది. అక్కచెల్లెండ్ర సంతకములు గాని, వారి రిజిస్టరైన హక్కు విడుదల పత్రము గాని లేనిదే బయానా వద్దు. మా పొరపాటు ఇక్కడనే.

బాండు మీద నోటరీ చేయించి ఇల్లు అమ్ముట కొన్ని బస్తీలలో కలదు. అట్టి కాగితముతో ఇల్లు మనది కాదు. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కావలెనని చట్టము. ముక్తారునామా మీద జరుగు అమ్మకము హక్కు నియ్యదని సర్వోన్నత న్యాయస్థానము 2011లో స్పష్టముగా చెప్పినది. గుంఠేవారీ ప్లాటు అయినచో 2001 చట్టము క్రింద క్రమబద్ధము చేసిన ఉత్తరువు చూపుమని అడుగవలెను.

మూడవది ఇంటి లెక్క. మన వారు ఆషాఢములో బయానా ఇయ్యరు. ఆ నెలను వృథా పోనీయక పరీక్షకు వాడుకొనుడు. వాన పడిన మరునాడు వెళ్లి గోడల చెమ్మ, ముంగిట నిలిచిన నీరు చూడుడు. గుంట మగ్గము వేయదలచిన వారికి నేల చెమ్మ పెద్ద శత్రువు. జకార్డు పెట్టువారు కప్పు ఎత్తు కొలువవలెను. పవర్‌లూమ్ వారు కరెంటు కనెక్షను, చప్పుడుకు ఇరుగుపొరుగు వారి సమ్మతి విచారించవలెను. గోదావరి దాపునైనచో వరద రేఖ ఎచ్చట నున్నదో మహానగరపాలికలో అడుగుడు. నీలి రేఖ ఇరువదియైదేండ్ల కొకసారి వచ్చు వరదకు, ఎర్ర రేఖ నూరేండ్ల కొకసారి వచ్చు వరదకు గుర్తు.

ఈ మూడును తేలిన పిదప ధర చెప్పవలెను. ఎంత చెప్పవలెను? అమ్మువాడు అడిగిన దానినుండి తగ్గించుట కాదు, ఆ వాడలో ఇటీవల రిజిస్టరైన ఇండ్ల ధరనుండి మొదలు పెట్టవలెను. రిజిస్ట్రేషన్ శాఖవారి ఇండెక్స్ రెండు నకలులో ఆ ధర ఉండును. మన లెక్కకు పై హద్దు ముందే ఇంటిలో అందరు కూర్చుండి నిర్ణయించుకొని, ఆ హద్దు దాటినచో “వద్దన్నా, మా వల్ల కాదు” అని లేచి రావలెను. ఇల్లు మరియొకటి దొరుకును, పెట్టుబడి దొరకదు.

బయానా కొద్దిగా, బ్యాంకు ద్వారా ఇచ్చి, కాగితము వ్రాయించుకొనుడు. మొత్తము ధర, మిగత సొమ్ము గడువు, స్వాధీనము తేదీ, కాగితములలో దోషము తేలినను బ్యాంకు అప్పు రాకున్నను బయానా వాపసు అను షరతు అందుండవలెను. షరతు లేనిచో మన వలన బేరము తప్పినపుడు అది పోవచ్చును. అమ్మకపు ఒప్పందముతోనే ఇల్లు మనది కాదని, ఖరీదీ ఖత్తు రిజిస్టరైనపుడే అగునని మరువరాదు. అమ్మువాడు మాట తప్పినచో దావాకు సాధారణముగా మూడేండ్ల గడువే కలదు.

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు: నూలు పైకము ముట్టక మన చేత నెంత ఉన్నది? అమ్మువాని తోబుట్టువు లెందరు? ఆ ఇల్లు వానలో చూచితిమా? ఈ మూడింటికి జవాబు దొరకునంతవరకు, ఎవరు తొందరపెట్టినను, బయానా సంచి ముడి విప్పకుడు.