మిషన్ లెక్క - మన లెక్క



లెక్క మనకు కొత్త కాదు. చదువు రాకముందే మనం లెక్క పెట్టాం. పాలవాడికి గోడ మీద బొగ్గుతో గీతలు గీశాం. కూలి రోజులకు కొంగున ముడులు వేశాం. చింతగింజలతో వడ్డీ కూడా లెక్కగట్టాం. ఇప్పుడు అంకెలు చదవడం, రాయడం వచ్చింది. ఆ అంకెలు పని చేసే చోట ఎట్ల ఉపయోగపడతాయో ఈ పాఠంలో చూద్దాం.

నంద్యాల చుట్టూ కె.సి. కాలువ కింద వరి పండుతుంది. నల్లరేగడి నేలల్లో పత్తి పండుతుంది. అందుకే ఇక్కడ రైసు మిల్లులు, పత్తి మిల్లులు వచ్చాయి. చిన్న చిన్న మిషన్ల మీద పని చేసే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ముక్కల లెక్కన కూలి. అంటే ఎన్ని చేస్తే అంత డబ్బు. అలాంటప్పుడు ఎన్ని చేశామో ఎవరు లెక్కపెట్టాలి?

ఒక అక్క నంద్యాలలో ఉందనుకుందాం. ఆమె చెల్లెలు ఆళ్లగడ్డలో కాగితపు ప్లేట్లు చేసే మిషన్ మీద పని చేస్తుందనుకుందాం. వాళ్ల మాటలు వినండి.

"ఏమే చెల్లీ, మొగం అట్ల పెట్టుకున్నావ్?"

"ఏం చెప్పాల అక్కా. నేను కట్టింది 24 కట్టలు. మేస్త్రి రాసింది 22. అడిగితే, నీకు లెక్క వచ్చునా అన్నాడు."

"కట్టకు ఎన్ని ప్లేట్లు?"

"నూరు."

"అంటే దినానికి 200 ప్లేట్లు పోయినట్టు. నెలకు 26 దినాలు పనికి పోతే 5,200 ప్లేట్లు. ఆ కూలి ఎవరిచ్చేది?"

"అదే అక్కా నా బాధ. మా ఓనరు ఇప్పుడు మిషన్‌కు లెక్కల డబ్బా పెట్టిస్తాడంట. అది తప్పు చెప్పదంట."

"చానా మంచిది. అయితే అది ఏం లెక్కపెడుతుందో నువ్వు తెలుసుకోవాల."

అక్క మాట నిజం. ఆ డబ్బాను కౌంటర్ అంటారు. దాని సంగతి తెలుసుకుందాం.

కౌంటర్ ఎట్ల పని చేస్తుంది?

ప్లేట్ల మిషన్‌లో అచ్చు కిందికి దిగుతుంది. కాగితాన్ని నొక్కుతుంది. మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని ఒక దెబ్బ అనుకుందాం. అచ్చు ఒక దెబ్బ వేస్తే కౌంటర్‌లో ఒక అంకె పెరుగుతుంది.

పాత రకం కౌంటర్‌కు చిన్న మీట ఉంటుంది. అచ్చు ఆ మీటను కదిలిస్తే లోపల అంకెల చక్రం తిరుగుతుంది. కొత్త రకానికి సెన్సారు ఉంటుంది. ఇనుప ముక్క దాని ముందుకు వస్తే, ముట్టుకోకుండానే గుర్తుపడుతుంది. తీగ ద్వారా ఆ సంగతి డబ్బాకు చేరుతుంది. వెలుతురును బట్టి లెక్కపెట్టే సెన్సార్లు కూడా ఉన్నాయి. దూది, దుమ్ము ఎక్కువగా ఉండే పత్తి మిల్లులో వాటి అద్దం మూసుకుపోతుంది. దాన్ని తరచు తుడవాలి. ఇనుమును గుర్తుపట్టే సెన్సారుకు ఆ తిప్పలు తక్కువ.

కౌంటర్ బిగించేటప్పుడు ఏం చూడాలి?

1. మిషన్ ఆపాలి. కరెంటు తీసేయాలి. తెలిసిన ఎలక్ట్రీషియనే బిగించాలి.

2. సెన్సారు అచ్చు దగ్గర ఉండాలి. మోటారు దగ్గర పెట్టకూడదు. అచ్చు దిగకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది కదా!

3. సెన్సారుకూ ఇనుప ముక్కకూ మధ్య ఎడం చాలా తక్కువ. చాలా సెన్సార్లకు అది కొద్ది మిల్లీమీటర్లే. ఎడం ఎక్కువైతే దెబ్బలు లెక్కకు రావు. నట్టు వదులై సెన్సారు అదిరితే ఒక దెబ్బ రెండుగా పడవచ్చు.

4. చేతికి అడ్డుగా పెట్టిన రేకును, జాలీని కౌంటర్ కోసం తీసేయకూడదు.

5. బిగించాక సరిచూడాలి. 100 దెబ్బలు మన నోటితో లెక్కపెట్టాలి. కౌంటర్‌లోనూ సరిగ్గా 100 పెరగాలి. ఈ పరీక్ష పని చేసేవాళ్ల ముందు జరగాలి. అప్పుడప్పుడు మళ్లీ చేయాలి.

లెక్క చదువుదాం

పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు కౌంటర్‌లో 04215 ఉంది. సాయంత్రం దిగేటప్పుడు 05465 ఉంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి.

5465 - 4215 = 1250 దెబ్బలు.

ఈ మిషన్‌కు రెండు అచ్చులు. ఒక దెబ్బకు 2 ప్లేట్లు.

1250 × 2 = 2500.

అయితే 2500 ప్లేట్లు తయారైనట్టేనా? ఆగండి. కాగితం లేకుండా అచ్చు 20 సార్లు ఊరికే దిగింది. అంటే 40 ప్లేట్లు రాలేదు. 60 ప్లేట్లు చినిగిపోయాయి.

2500 - 40 - 60 = 2400 మంచి ప్లేట్లు. అంటే 24 కట్టలు.

చెల్లెలు చెప్పిన లెక్కే నిజమని తేలింది. ఒక్క కౌంటర్‌తోనే తేలిందా? లేదు. ఊరికే పడిన దెబ్బలు, చినిగిన ప్లేట్లు ఆమె రాసిపెట్టుకుంది. రెండు లెక్కలు కలిస్తేనే తేలింది.

చినిగిన ప్లేట్ల నష్టం ఎవరిది? కాగితం నాసిరకం అయితే అది పనిమనిషి తప్పు కాదు. ఈ మాట ముందే తేల్చుకోవాలి. కూలి ఇచ్చే రోజున కొట్లాడుకుంటే లాభం లేదు.

నూలు మిల్లులో

ఈ పద్ధతి నూలు మిల్లుల్లో ఎప్పటినుంచో ఉంది. అక్కడ రోలరు తిరిగేకొద్దీ నూలు బయటికి వస్తుంది. రోలరు చుట్లను బట్టి నూలు పొడవు తెలుస్తుంది. 840 గజాల నూలును ఒక చిలప అంటారు. అంటే సుమారు 768 మీటర్లు. మీటరులో చిలపల లెక్క కనిపిస్తుంది. ఒక షిఫ్టు వాళ్లు దిగేటప్పుడు అంకె రాస్తారు. ఆ అంకె దగ్గర నుంచే తరువాతి షిఫ్టు లెక్క మొదలవుతుంది. ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడదు.

కౌంటర్‌కు తెలియనివి

కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. కాగితం రాకపోతే ఆగుతుంది. మనం నీళ్లు తాగడానికి పోతే ఆగుతుంది. కౌంటర్‌కు అన్నీ ఒకటే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. అందుకే ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో మనమే రాసుకోవాలి.

ఇంకో సంగతి. గంటకు ఎన్ని దెబ్బలో ఓనరుకు తెలుస్తుంది. ఇంకా తొందరగా చేయమని పోరు పెట్టవచ్చు. తొందరలో అచ్చు కింద చేయి పెడితే వేళ్లు పోతాయి. పోయిన వేలు ఏ లెక్కతోనూ తిరిగి రాదు. తిరిగే మిషన్‌లో చేయి పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరుపడిన ఊరు. అక్కడ శిల్పి పనిని ఉలి దెబ్బల లెక్కన కొలుస్తారా? బొమ్మను చూసి విలువ కడతారు. మిషన్ పనిలోనూ చేతి నేర్పు ఉంది, కంటి చూపు ఉంది. దెబ్బల లెక్కలో అవి కనబడవు. కూలి మాట్లాడేటప్పుడు వాటి గురించీ మాట్లాడాలి.

చట్టం ఏమంటుంది?

ఒకే రకం పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల కోడ్ కూడా ఆ మాటే చెబుతోంది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ముక్కల పనికి విడిగా కనీస రేటు పెట్టకపోతే, కాలాన్ని బట్టి పెట్టిన కనీస కూలికి తగ్గించి ఇవ్వకూడదు. కూలి వివరాలు రాసిన చీటీ ఇవ్వాలి. చీటీ అడగండి. తీసుకుని చదవండి. మీ నోటుబుక్కుతో సరిచూడండి.

చదవండి - చెప్పండి

1. సెన్సారు మోటారు దగ్గర పెడితే ఏమవుతుంది?
2. కౌంటర్ సరిగా ఉందో లేదో ఎట్ల పరీక్షించాలి?
3. కౌంటర్ చెప్పలేని సంగతులు మూడు చెప్పండి.

లెక్క చేయండి

పొద్దున కౌంటర్‌లో 07320 ఉంది. సాయంత్రం 08420 ఉంది. ఒక దెబ్బకు 2 ప్లేట్లు. ఊరికే పడిన దెబ్బలు 15. చినిగిన ప్లేట్లు 70. మంచి ప్లేట్లు ఎన్ని?

(జవాబు: 2100)

మీ నోటుబుక్కులో ఈ గళ్లు గీసుకోండి. రోజూ రాయండి.

తేదీ - పొద్దున అంకె - సాయంత్రం అంకె - ఊరికే పడిన దెబ్బలు - చెడినవి - మంచివి - మిషన్ ఎందుకు ఆగింది

మీతో పని చేసే నలుగురూ రాస్తే ఇంకా మంచిది. వారానికి ఒకసారి కూర్చుని లెక్కలు సరిచూసుకోండి. అప్పుడు "నీకు లెక్క వచ్చునా" అని ఎవరన్నా అడిగితే, నోటుబుక్కు తెరిచి చూపించండి.