డిశ్చార్జి చీటీ చదువుదాం



మనం అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. మరి ఆసుపత్రి చీటీ? "అది ఇంగ్లీషు, మనకేం తెలుస్తుంది?" అని మడిచి సంచిలో పెట్టేస్తాం. ఇంటికొచ్చాక ఏ మాత్ర ఎప్పుడు వేయాలో తెలియదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సమ్మ చూసుకుంటుంది. ఇంట్లో మనమే చూసుకోవాలి. అందుకే ఆ చీటీలో ఉండే ఇంగ్లీషు మాటలు కొన్ని నేర్చుకుందాం.

చదవండి

ఒక అమ్మాయికి సర్కారు ఆసుపత్రిలో పెద్దాపరేషన్ చేసి కాన్పు చేశారు. ఇంటికి వెళ్లే రోజు వచ్చింది. అమ్మాయి తల్లి నర్సమ్మతో మాట్లాడుతోంది.

తల్లి: నర్సమ్మా, ఇవాళ మమ్మల్ని పంపేస్తారంటగా?

నర్సు: అవునమ్మా, ఇవాళ డిశ్చార్జి. ఇదిగో చీటీ. పారేయకండి.

తల్లి: ఇక్కడ 1-0-1 అని ఉంది. నూటొక్కటా?

నర్సు: కాదమ్మా. మొదటి అంకె పొద్దున. నడిమి అంకె మధ్యాహ్నం. చివరి అంకె రాత్రి. అంటే పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మధ్యాహ్నం లేదు.

తల్లి: అయితే 1-1-1 అంటే మూడు పూటలా అన్నమాట!

నర్సు: సరిగ్గా చెప్పారు. దాని పక్కన 5 డేస్ అని ఉంది చూడండి. డేస్ అంటే రోజులు. ఇది యాంటీబయాటిక్. పుండు చీము పట్టకుండా కాపాడుతుంది. నొప్పి తగ్గింది కదా అని రెండు రోజులకే ఆపేయొద్దు. అయిదు రోజులూ వేయాలి.

తల్లి: మా ఊళ్లో బాలింతకి పత్యం పెడతారు. నీళ్లు కూడా తక్కువే ఇస్తారు.

నర్సు: చీటీలో నార్మల్ డైట్ అని రాశారు. డైట్ అంటే తినే తిండి. నార్మల్ అంటే మామూలు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ పెట్టండి. దాహం వేసినన్ని నీళ్లు తాగనివ్వండి. పాలిచ్చే తల్లికి తిండీ, నీళ్లూ ఎక్కువే కావాలి.

తల్లి: రెస్ట్ అని కూడా అన్నారు డాక్టరమ్మ.

నర్సు: రెస్ట్ అంటే విశ్రాంతి. అలాగని మంచం దిగకుండా ఉండకూడదు. ఇంట్లో మెల్లగా నడవాలి. ఆరు వారాల దాకా నీళ్ల బిందెలు, బరువులు ఎత్తకూడదు. కుట్ల మీద పసుపు, నూనె రాయొద్దు. శుభ్రంగా, పొడిగా ఉంచండి.

తల్లి: మళ్లీ ఎప్పుడు రావాలమ్మా?

నర్సు: రివ్యూ అని రాసి పక్కన తేదీ వేశాం. ఆ రోజు ఈ చీటీ పట్టుకుని రండి.

మాటలు – అర్థాలు

డిశ్చార్జి: ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడం. పుండు నుంచి రసి కారినా డిశ్చార్జి అనే అంటారు.
టాబ్లెట్: మాత్ర.
సిరప్: తాగే మందు.
ఆయింట్‌మెంట్: పూసే మందు.
డోస్: ఒకసారి వేయాల్సిన మందు.
డ్రెస్సింగ్: పుండు కడిగి కట్టు కట్టడం.
స్టిచెస్: కుట్లు.
రివ్యూ: మళ్లీ చూపించుకోవడం.
ఎక్స్‌పైరీ డేట్: మందు గడువు. అది దాటిన మందు వాడకూడదు.

కొందరు డాక్టర్లు అంకెలు వేయరు. పొట్టి అక్షరాలు రాస్తారు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. బి.డి. అంటే రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే వేయాలి. ఇవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. చదవలేకపోతే సిగ్గుపడొద్దు. అడగండి. మందు అట్ట మీద తెలుగులో మీరే రాసుకోండి: "పొద్దున, రాత్రి, అన్నం తిన్నాక." రాసింది పైకి చదివి వినిపించండి. తప్పుంటే నర్సమ్మ అక్కడే దిద్దుతుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి

బాలింతకు జ్వరం వచ్చినా, కుట్లు ఎర్రగా వాచినా, చీము పట్టినా ఆగకూడదు. రక్తం ఎక్కువ పోయినా, మైల వాసన వచ్చినా ఆగకూడదు. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ఫిట్స్, ఆయాసం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం ప్రమాద గుర్తులు. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా అంతే. రివ్యూ తేదీ దాకా చూడొద్దు. దీన్నే ఎమర్జెన్సీ అంటారు. 108కి ఫోన్ చేయండి.

ఇది మీ హక్కు

2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలైంది. దాని ప్రకారం సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు డబ్బు కట్టనక్కరలేదు. పెద్దాపరేషన్ అయినా అంతే. మందులు, పరీక్షలు, ఆసుపత్రిలో భోజనం, ఇంటికి చేర్చే బండి కూడా ఉచితం. బయలుదేరే ముందు ఆ బండి గురించి అడగండి.

చెప్పండి – రాయండి

1. 0-0-1 అని ఉంటే మాత్ర ఏ పూట వేయాలి?
2. 1-0-1, 5 రోజులు. మొత్తం ఎన్ని మాత్రలు కావాలి?
3. ఖాళీ నింపండి: మళ్లీ చూపించుకోవడాన్ని ........ అంటారు.
4. మీ ఇంట్లో ఉన్న మందు అట్ట తెండి. ఎక్స్‌పైరీ డేట్ ఎక్కడుందో వెతకండి. నెల, సంవత్సరం రాయండి.
5. మీ ఊళ్లో బాలింతకు ఏమేం తినకూడదంటారు? అందరూ కలిసి మాట్లాడుకోండి. ఆశ కార్యకర్తను పిలిచి అడగండి.