పొగమంచును పొగ అనుకొన్నప్పుడు

ధనుర్మాసంలో తెల్లవారకముందే తిరుప్పావై సేవకు శంషాబాద్ మీదుగా ప్రయాణించే భక్తులకు ఈ దృశ్యం పరిచితమే. విమానాశ్రయం చుట్టుపక్కల బీళ్ల మీద, గుట్టల మొదళ్ల వద్ద తెల్లని తెర పరచుకొని ఉంటుంది. "అక్కడెవరో చలిమంట వేసుకొన్నారు" అని వాహనంలో ఒకరంటారు. పక్కవారు అవునంటారు. దగ్గరకు చేరేసరికి మంటా ఉండదు, మనిషీ ఉండడు. ఉన్నది పొగమంచు.

తర్కశాస్త్రం విద్యార్థికి మొదట చూపే ఉదాహరణ కూడా పొగ, నిప్పులదే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, కొండ మీద పొగ ఉన్నది, కనుక అక్కడ నిప్పు ఉన్నది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' నేటికీ సంస్కృత పాఠశాలల్లో ఈ శాస్త్రానికి తొలి వాచకం. మన ప్రయాణికుడి ఊహలో నియమం తప్పలేదు, ఊహించిన పద్ధతీ తప్పలేదు. ఏ పొగను ఆధారం చేసుకొన్నాడో ఆ పొగే అక్కడ లేదు. అసిద్ధమైన హేతువు అంటే ఇదే. అన్నంభట్టు చెప్పిన అయిదు హేత్వాభాసలలో, అంటే హేతువువలె కనిపించి హేతువు కాని వాటిలో, ఇదొకటి. నియమాన్ని తలక్రిందులు చేయడం మరొక పొరపాటు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. తడికట్టె తోడైతేనే పొగ వస్తుంది.

ముత్యపుచిప్పను చూసి వెండి అని భ్రమించడం మరొక ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక్కడ ఒక్క మాట గమనించాలి. చిప్పను వెండి అనుకొని వంగేవాడు సాధారణంగా వెండి కావాలనుకొన్నవాడే. కంటికి దోషం లేకపోయినా కోరిక చూపును లాగుతుంది. మనలను ఇతరులు మోసగించేదానికన్నా మనం మనలను మోసగించుకొనేదే ఎక్కువ అనిపిస్తుంది.

విమానం నడిపేవారికి ఈ సంగతి ప్రాణంతో ముడిపడినది. మబ్బులో చిక్కినప్పుడు వారికి నేల కనపడదు, ఆకాశమూ కనపడదు. చెవి లోపలి నాళాలలోని ద్రవమే శరీరానికి మలుపును తెలియజేస్తుంది. అయితే విమానం ఒకే వంపులో కొంతసేపు సాగితే ఆ ద్రవం ఆ వేగానికి అలవాటుపడి, నిటారుగా పోతున్నామనే భావన కలిగిస్తుంది. విమానాన్ని నిజంగా సరిచేయగానే, రెండవ వైపుకు ఒరిగిపోతున్నట్టు తోస్తుంది. అందుకే శరీరం చెప్పేదానిని పక్కనపెట్టి పరికరాలను నమ్మమని వారికి శిక్షణ ఇస్తారు.

మరి పరికరమే తప్పైతే? 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన 'ఎంపరర్ అశోక' విమానం కొద్దిసేపటికే బాంద్రా ఎదుట సముద్రంలో కూలి 213 మంది మరణించారు. విమానం ఎటు ఒరిగిందో చూపే కెప్టెన్ ముందరి పరికరం చెడిపోయింది. ఆయన దానినే నమ్మి, వంపును సరిచేస్తున్నాననుకొని విమానాన్ని ఇంకా ఎడమకు వంచారు. చీకటి సముద్రంపై చూపు ఆనడానికి ఏమీ లేదు. సరిచూసుకోవడానికి విమానంలో అటువంటి పరికరాలు ఇంకా ఉన్నాయి. ఒక్క ప్రమాణాన్నే పట్టుకోక మరొకదానితో పోల్చి చూడాలని మన శాస్త్రకారులు పట్టుబట్టిన కారణం ఇటువంటిచోట బోధపడుతుంది.

విమానాశ్రయానికి దగ్గరలోని ముచ్చింతల్‌లో 216 అడుగుల భగవద్రామానుజుల విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించారు. దర్శించినవారికి రామానుజుల కరుణ, సమత తెలుసు. ఆయన తర్కం ఎంత నిక్కచ్చిదో తెలిసినవారు తక్కువ. కుండకు కుమ్మరి ఉన్నట్లు జగత్తుకు కర్త ఉండితీరాలి, కనుక ఈశ్వరుడున్నాడని నైయాయికులు అనుమాన ప్రమాణంతో సాధించారు. విష్ణుభక్తుడైన ఆచార్యుడు ఈ వాదాన్ని సంతోషంగా స్వీకరిస్తారని మనం అనుకొంటాము. శ్రీభాష్యంలో, శాస్త్రయోనిత్వాధికరణంలో, ఆయన దానిని ఖండించారు. కుండను ఆధారం చేసుకొంటే తేలేది కుమ్మరివంటి కర్తే. అతనికి శరీరముంటుంది, శక్తికి పరిమితి ఉంటుంది. అదీగాక జగత్తంతా ఒక్కరే, ఒక్కసారే చేశారని ఆ వాదం నిరూపించలేదు, వేర్వేరు కాలాలలో అనేకులు చేసి ఉండవచ్చు. ఈశ్వరుని తెలుసుకొనడానికి శాస్త్రమే ప్రమాణమని ఆయన సిద్ధాంతం. తాను ప్రాణప్రదంగా నమ్మిన నిర్ణయానికే ఊతమిచ్చే వాదంలో లోపం వెదకి చూపడం సామాన్యమైన పని కాదు. ఎదుటివాని వాదంలో తప్పులు పట్టడం మనకందరికీ వస్తుంది.

ఇక మన విషయం. చిలుకూరులో కోరిక విన్నవించి 11 ప్రదక్షిణలు, నెరవేరిన పిదప 108 ప్రదక్షిణలు చేయడం అందరెరిగిన ఆచారం. 108 చేస్తున్నవారితో ప్రాకారం నిండి ఉంటే, కోరినవారందరికీ కోరిక తీరుతుందన్న భావన మనసులో స్థిరపడుతుంది. వీసా రానివారు 108 చేయడానికి తిరిగి రారు. వారు మన లెక్కలో ఎక్కడా కనపడరు. ప్రాచీన గ్రీసుకు చెందిన డయాగొరస్‌కు, మొక్కు వలన ఓడ ప్రమాదం నుండి బయటపడినవారి చిత్రాలను ఒకరు చూపించగా, మునిగిపోయినవారి చిత్రాలెక్కడ అని ఆయన అడిగాడని సిసెరో వ్రాశాడు. డయాగొరస్‌ను నాస్తికుడంటారు. అయినా ప్రశ్న సరైనది. అడిగినవాడెవడన్నదానిని బట్టి ప్రశ్న విలువ మారదు.

ఇది చదివి కొందరు భక్తులు నొచ్చుకొనవచ్చు. అయితే తీరిన కోరికల లెక్క మీద భక్తిని నిలిపినవారి ఇంట, ఒక ఏడు పరీక్ష తప్పినా, ఒక వ్యాధి ముదిరినా, ఆ భక్తి కూలడం మనం చూస్తూనే ఉన్నాము. అంతకన్న బాధాకరం మరొకటి ఉన్నది. "మీ మొక్కులోనే లోపమున్నది" అని దుఃఖంలో ఉన్న తల్లికి చెప్పే బంధువు. ఆ మాటకు ఏ ప్రమాణమూ లేదు. అది అసిద్ధహేతువు, పైగా క్రూరం.

కొన్నేళ్ల క్రితం నేనొక చిన్న నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఎడమ పుటలో కోరిక, కోరిన తేదీ. కుడి పుటలో ఏమి జరిగినదో అది. జరగనివాటిని కూడా విడువకుండా వ్రాయాలన్నది నియమం. మొదట్లో చేయి వెనుకాడేది. తీరనిదానిని "ఆలస్యమైనది" అని వ్రాయబోయి కొట్టివేసిన చోట్లు అందులో చాలా ఉన్నాయి. మొన్న లెక్కించి చూస్తే తీరనివే ఎక్కువ తేలాయి. ఈ ధనుర్మాసంలో కూడా తెల్లవారుజామునే సేవకు వెళ్లి వస్తున్నాను.