ఒళ్లు తడి ఆరకముందే

చిరంజీవి అమ్మాయికి,

మార్గళి నెల వచ్చిందంటే ముంగాళ్లు తెల్లగా పొలుసులు లేస్తున్నాయనీ, కొబ్బరినూనె ఎంత రాసినా మధ్యాహ్నానికి మళ్లీ మొదటికే వస్తోందనీ మీ అమ్మ చెప్పింది. మంచు కురవని ఊళ్లో చలికి చర్మం పాడవడమేమిటని నీ అనుమానమట. నిజానికి దోషం చలిది కాదు, గాలిలో తేమ తగ్గడానిది. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకపట్టాక, సముద్రానికి దూరంగా ఉన్న మన ధర్మపురి వైపు గాలి పొడిబారుతుంది. చల్లగాలి మోయగలిగిన తేమే తక్కువ. పగలు ఎండకు ఆ గాలే వేడెక్కితే ఇంకా ఆకలిగా ఒంటిమీది నీటిని లాగేస్తుంది. ముంగాళ్ల మీద నూనె గ్రంథులు తక్కువ, అరికాళ్లలో అసలే లేవు. అందుకే పొలుసులు, మడమల పగుళ్లు అక్కడే ముందు కనబడతాయి.

ఇక నూనె ఎందుకు నిలబడటం లేదో చూద్దాం. పొడిచర్మానికి కొరత నూనె అని మనవాళ్లందరూ అనుకుంటారు. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ బ్లాంక్ ఈ సంగతిని నేరుగా పరీక్షించాడు. కాయకట్టిన చర్మపు ముక్కలను ఎండబెడితే పెళుసెక్కాయి. వాటిని నూనెలో నానబెట్టినా మెత్తబడలేదు, నీటిని పీల్చుకున్నప్పుడే మెత్తబడ్డాయి. అంటే చర్మాన్ని మృదువుగా ఉంచేది నీరు. నూనె, వాజలీను, క్రీము చేసే పని ఆ నీటి మీద మూత పెట్టడం. ఖాళీ గిన్నెకు మూత పెట్టి ప్రయోజనం లేదు కదా, ఎండిపోయిన కాలికి నూనె రాయడమూ అంతే. స్నానం చేసి తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉన్న రెండు మూడు నిమిషాల్లోనే రాసుకోవాలి. నీ సమస్యకు నేను చెప్పే మందు ప్రధానంగా ఇదొక్కటే, రాసే వేళ మార్చు.

మన పెద్దలు ముందు నూనె పట్టించుకుని తర్వాతే స్నానం చేసేవారు కదా అని నువ్వు అడగవచ్చు. ఆ అలవాటును నేను తప్పుపట్టను, దీపావళికి మాననూ వద్దు. కానీ ఆ నూనెను పొగలు కక్కే నీళ్లతో, సబ్బుతో రుద్ది కడిగేశాక చర్మం మీద మిగిలేదెంత? మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మం మాత్రం కొంచెం ఆమ్లగుణంతో 5 దగ్గర ఉంటుంది. సబ్బు, వేడినీళ్లు కలిస్తే చర్మపు సొంత కొవ్వు కూడా కరిగిపోతుంది. పైగా మన వైపు బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పునీళ్లు. అందులోని కాల్షియంతో సబ్బు కలిసి తెట్టులా మారి ఒంటికి అంటుకుని దురద పెడుతుంది. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. చేతులకూ కాళ్లకూ రోజూ అక్కర్లేదు.

ఏది రాయాలన్నదానికి ఖరీదు కొలత కాదు. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్నవాళ్లపై కొబ్బరినూనెనూ మినరల్ ఆయిల్‌నూ పోల్చి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. ఆలివ్ నూనె గొప్పదని కొంటున్నారు గాని, అది చర్మపు రక్షణపొరను బలహీనపరుస్తుందని 2013లో ఇంగ్లండులో చేసిన పరిశీలన తేల్చింది. పసిబిడ్డలకు దాన్ని మర్దనా చేసేవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పు. వాజలీను జిడ్డు, దుమ్ము పట్టుకుంటుందని నువ్వనడం నిజమే. దాన్ని రాత్రి మడమలకు రాసి మేజోళ్లు వేసుకో, పగటికి పలుచని క్రీము వాడు. లోటాలకొద్దీ నీళ్లు తాగితే సరిపోదా అంటే, దాహానికి తగినంత తాగేవాళ్లకు అంతకుమించి తాగినందువల్ల పైచర్మానికి ఒరిగేది చాలా తక్కువ.

ఇన్ని చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మాత్రం పొడిచర్మమేనని సరిపెట్టుకోకు. రాత్రిపూట ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అంచు తేలి గుండ్రంగా పాకితే తామర కావచ్చు. పెద్దవాళ్లలో విడవని దురద వెనక చక్కెరజబ్బో, మూత్రపిండాల జబ్బో ఉండవచ్చు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు. రెండు రోజుల్లో దురద అణిగినట్టు ఉంటుంది, వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, తామర ఉంటే లోలోపల విస్తరిస్తుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అలాంటి ట్యూబు ఇంట్లో ఉంటే ఎవరినీ తాకనివ్వకు. ధర్మపురి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లి చూపించుకో, మీ అమ్మను కూడా తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న