విసుగు వేరు, నిబ్బిద వేరు

పాలి సుత్తాల్లో 'నిబ్బిద' అనే మాట తరచుగా వస్తుంది. తెలుగులో దాన్ని నిర్వేదం అనీ, విరక్తి అనీ రాస్తుంటారు. ఆ మాట వినగానే చాలామందికి ముఖం వేలాడేసుకుని, ఏదీ సహించక గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి కళ్లముందుకొస్తాడు. మన అధ్యయన తరగతుల్లో కూడా ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది: "ఒక దాని మీద మోజు తీరిపోతే అదే నిబ్బిద కదండీ?" కాదు. ఎందుకు కాదో ఈ పాఠంలో చూద్దాం.

దీనికి చావు, ముసలితనం, రోగం లాంటి ఉదాహరణలు తీసుకోవచ్చు. కానీ దుఃఖంలోంచి దుఃఖాన్ని చూపించడం తేలిక. సంతోషం కోసం కట్టిన చోట, డబ్బులిచ్చి సంతోషాన్ని కొనుక్కునే చోట ఏం జరుగుతుందో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకని అమెరికాలోని డిస్నీ పార్కులను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కొత్తగా వెళ్లేవాళ్ల సంగతి కాదు. ఇరవై ముప్పై ఏళ్లుగా ఏటా వెళ్తూ, చిన్నప్పుడు అమ్మానాన్నలతో వెళ్లి, ఇప్పుడు తమ పిల్లలని తీసుకెళ్తున్న పాత సందర్శకులున్నారు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఉత్సాహం పోయింది. ఖర్చు మోయలేకుండా ఉంది, జనం తోసుకుంటున్నారు, ఇంటికొచ్చాక సెలవు తీసుకున్నట్టే లేదు అంటున్నారు.

ముందు ఆ పార్కు ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తన ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చునేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునని అక్కడే అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఆలోచనలో తప్పు పట్టడానికేమీ లేదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. మొదటిరోజే దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. ఎండకి కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలాచోట్ల పనిచెయ్యలేదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, "పాతరోజుల్లో అంతా హాయిగా ఉండేది" అనే జ్ఞాపకాన్ని కూడా మనం పరీక్షకి పెట్టాలి. రద్దీ మొదటిరోజు నుంచే ఉంది.

మారింది ధర, ఆ ధర పనిచేసే తీరు. మొదట్లో పెద్దలకి లోపలికెళ్లే టికెట్ 1 డాలరు, రైడ్లకి వేరే డబ్బు. 1971 అక్టోబర్ 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు ప్రవేశం మూడున్నర డాలర్లు, అప్పుడు కూడా రైడ్లకి కూపన్లు వేరు. ఆ రోజుల్లో అమెరికా కనీస వేతనం గంటకి 1.60 డాలర్లు. అంటే కూలి మనిషి రెండు గంటల పైచిలుకు పనిచేస్తే గేటు దాటగలిగేవాడు. 2016 నుంచి ఒక్కో రోజుకి ఒక్కో ధర పెట్టారు. 2024 అక్టోబర్లో డిస్నీల్యాండ్‌లో బాగా రద్దీ రోజుల టికెట్ 206 డాలర్లకి చేరింది, మన డబ్బుల్లో దాదాపు 17 వేల రూపాయలు. ఆ ఏడాది కాలిఫోర్నియా కనీస వేతనం గంటకి 16 డాలర్లు. లెక్క వేసుకోండి, దాదాపు 13 గంటల పని, ఒక మనిషికి, ఒక రోజుకి. నిజమే, 104 డాలర్ల చవక రోజులు కూడా ఉన్నాయి. అవి పిల్లలు బడిలో ఉండే రోజులు. సెలవుల్లో తప్ప కదలడానికి వీల్లేని వాళ్లే ఎక్కువ కట్టాలన్నమాట.

అసలు పాఠం క్యూలో ఉంది. క్యూ అనేది ఎంత విసుగు పుట్టించినా అందులో ఒక సమానత్వం ఉంది. ముందొచ్చినవాడు ముందు. కోటీశ్వరుడి కొడుకైనా డ్రైవర్ కూతురైనా ఒకే ఎండలో నిలబడతారు. 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టారు. ఒక చీటీ తీసుకుని చెప్పిన టైముకి వస్తే పక్క వరుసలో త్వరగా పంపేవారు. అది ఉచితం, టికెట్ ఉన్న ఎవరైనా తీసుకోవచ్చు. 2021లో ఫ్లోరిడాలో దాన్ని తీసేసి, రోజుకి మనిషికి 15 డాలర్లతో మొదలుపెట్టి అమ్మడం మొదలెట్టారు. 2024 అక్టోబర్లో ఇంకో మెట్టు ఎక్కారు. ఏ టైమూ చూసుకోకుండా నేరుగా త్వరవరుసలోకి వెళ్లే పాస్ తెచ్చారు. ఫ్లోరిడాలో దాని ధర పార్కుని బట్టి, రోజుని బట్టి 129 నుంచి 449 డాలర్ల దాకా పెట్టారు. అది కూడా ప్రవేశ టికెట్ మీద అదనం. మన దగ్గర పెద్ద గుళ్లలో ఉచిత దర్శనం క్యూ, 300 రూపాయల క్యూ చూసినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. రైడ్‌లో సీట్లు అవే. రెండు వరుసలు కలిసే చోట త్వరవరుస వాళ్లని ఎక్కువమందిని, మామూలు వరుస వాళ్లని కొద్దిమందిని పంపుతారు. కాబట్టి మామూలు వరుస ఇంకా నెమ్మదిస్తుంది. అది నెమ్మదించేకొద్దీ త్వరవరుసకి గిరాకీ పెరుగుతుంది. కొనేది కొత్త సుఖం కాదు, పక్కవాడి ఆలస్యం. వేదన నుంచి తృష్ణ పుడుతుందని పటిచ్చసముప్పాదంలో చదువుకున్నాం కదా, ఇక్కడ దాన్ని వ్యాపారంగా నడుపుతున్నారు. ముందు వేదన కల్పిస్తారు, తర్వాత దానికి మందు అమ్ముతారు.

పాత సందర్శకులు ఎక్కువగా బాధపడేది ఇంకో విషయం గురించి. వెనక పొద్దున లేచి, పార్కుకెళ్లి, కనబడిన దాని వైపు నడిచేవాళ్లు. ఇప్పుడు ముందే బుకింగులు. అదే హోటల్లో దిగినవాళ్లు 7 రోజుల ముందు, మిగతావాళ్లు 3 రోజుల ముందు పొద్దున్న 7 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. హోటల్‌లో భోజనానికి టేబుల్ కావాలంటే 60 రోజుల ముందు. పార్కులో కూడా తల ఫోన్‌లోనే. పిల్ల "నాన్నా అటు చూడు" అంటే, "ఉండమ్మా, 2:10కి ఏదో దొరుకుతోంది" అనే నాన్న. ఈ మనిషి శరీరం పార్కులో ఉంది, మనసు వచ్చే గంటలో ఉంది. సతి లేకపోవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను.

ఇక గౌరవం సంగతి. 2022 ఆగస్టు ఆర్థిక ఫలితాల ప్రకటనలో, డిస్నీల్యాండ్‌కి వస్తున్న జనంలో ఎవరు ఎంతమంది అనే పాళ్లు తమకి అనుకూలంగా లేవని సంస్థ రాసుకుంది. వార్షిక పాస్ తీసుకుని మాటిమాటికీ వచ్చే స్థానికుల గురించే ఈ మాట అని పాతవాళ్లు అర్థం చేసుకున్నారు. నెలకోసారి వచ్చి కాసేపు తిరిగి వెళ్లిపోయేవాడు బొమ్మలు కొనడు, హోటల్‌లో దిగడు. జీవితంలో ఒక్కసారి వచ్చేవాడే బాగా ఖర్చు పెడతాడు. వ్యాపార లెక్కలో అది సబబే కావచ్చు. కానీ మీరు ముప్పై ఏళ్లు 'మా ఇల్లు' అనుకున్న చోట, ఇంటివాళ్లు మిమ్మల్ని లాభం లేని చుట్టం కింద జమకట్టారని తెలిస్తే ఎలా ఉంటుంది? 2023 మార్చిలో సంస్థ అధిపతి బాబ్ ఐగర్, లాభాల ఆత్రంలో కొన్ని ధరల విషయంలో కాస్త దూకుడుగా పోయామని ఒప్పుకున్నారు. పైన చెప్పిన 206 డాలర్లూ, 449 డాలర్లూ ఆ మాట తర్వాత వచ్చినవే.

సరే, ఇదంతా చూసి "పెట్టుబడిదారులు దోచుకుంటున్నారు" అని ముగించేయొచ్చు. అది నిజమే, కానీ సగమే. సుత్తాల్లో ఏ విషయాన్నైనా మూడు వైపుల నుంచి చూడమంటారు: అస్సాదం, ఆదీనవం, నిస్సరణం. అస్సాదం అంటే దాంట్లో ఉన్న రుచి. ఆదీనవం అంటే దాంట్లో ఉన్న ప్రమాదం, లోటు. నిస్సరణం అంటే దాని పట్టులోంచి బయటపడటం. మనం సాధారణంగా మొదటిదాన్ని ఎగరగొట్టి రెండోదానికి దూకుతాం. ధమ్మం చెప్పేవాళ్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. రుచి లేకపోతే జీవులు అంటుకునేవే కాదని బుద్ధుడే చెప్పాడు. పార్కులో పిల్లవాడు మొదటిసారి కోట చూసి నోరు తెరవడం అబద్ధం కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఓర్లాండో తీసుకెళ్తారు. ఆ ఉక్కలో నడవలేక కాళ్లు పీకినా, రాత్రి బాణసంచా వెలుగులో మనవరాలి ముఖం చూసి ఆ తాతకి కలిగిన ఆనందం నిజమైనదే. దాన్ని వెక్కిరించడం ధమ్మం కాదు.

ఆదీనవం ఎక్కడ మొదలవుతుంది? ఆ మొదటి రోజుని మళ్లీ తెచ్చుకోవాలనుకున్నప్పుడు. పాత సందర్శకుడు టికెట్ కొంటున్నది పార్కు కోసం కాదు, ఎనిమిదేళ్ల వయసులో తనకి కలిగిన అనుభూతి కోసం. అది ఏ కౌంటర్లోనూ దొరకదు. ధర 1 డాలరుకి దించినా దొరకదు. పైగా పార్కు కూడా ఆగి ఉండదు. 1998లో ఫ్లోరిడాలో మిస్టర్ టోడ్ రైడ్ మూసేస్తుంటే అభిమానులు అక్కడే నిరసన తెలిపారు. స్ప్లాష్ మౌంటెన్ 2023 జనవరిలో మూతపడి, 2024లో టియానా పేరుతో తెరుచుకుంది. దానికి మూలమైన 1946 నాటి సినిమా నల్లజాతి వాళ్లని చూపించిన తీరు మీద దశాబ్దాలుగా విమర్శ ఉంది. ఆ మార్పు రావాల్సిందే, ఆలస్యంగానైనా వచ్చింది. టామ్ సాయర్ దీవి 2025 జులైలో పోయింది. తన పార్కు ఎప్పటికీ పూర్తికాదని వాల్ట్ డిస్నీయే అనేవాడు. అనిచ్చ గురించి ఇంత ఖరీదైన పాఠశాల ఇంకోటి లేదు, కానీ అక్కడికి ఎవరూ ఆ పాఠం కోసం వెళ్లరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మోజు తీరిన ఈ మనిషి ఏం చేస్తున్నాడు? కొందరు 2025 మేలో ఓర్లాండోలోనే యూనివర్సల్ వాళ్లు తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కి వెళ్లారు. కొందరు ఓడ ప్రయాణాలకి మళ్లారు. ఆ ఓడల్లో డిస్నీ ఓడలూ ఉన్నాయి, 1998 నుంచి నడుస్తున్నాయి. కొందరు తిట్టుకుంటూనే పాస్ రెన్యూ చేస్తున్నారు. దీన్నే విసుగు అంటున్నాను. విసుగులో వస్తువు మారుతుంది, చెయ్యి చాపడం మారదు. విసుక్కున్న మనిషికి ఇంకా కోపం ఉంటుంది, 'నాకు రావలసింది రాలేదు' అనే లెక్క ఉంటుంది. నిబ్బిదలో ఆ లెక్క ఉండదు. రుచి ఎంతో తెలుసు, లోటు ఎంతో తెలుసు, అది ఎలా పనిచేస్తుందో తెలుసు. అందుకే వెళ్లినా మామూలుగా వెళ్లగలడు, మానేసినా మామూలుగా మానేయగలడు. మహాపరినిబ్బాన సుత్తంలో ఎనభై ఏళ్ల బుద్ధుడు వేసాలి రమణీయంగా ఉందని, అక్కడి చైత్యాలు రమణీయంగా ఉన్నాయని ఆనందుడితో చెప్తాడు. తర్వాత ఏనుగులా వెనక్కి తిరిగి ఊరిని చివరిసారి చూసి, భండగామం వైపు నడుస్తాడు. చూడటం మానలేదు, నడక కూడా ఆగలేదు.

గృహస్థులకి ఇదంతా దూరం మాట అనిపించొచ్చు. బుద్ధుడు గృహస్థులకి లెక్కల్లోనే చెప్పాడు. సిగాలోవాద సుత్తంలో సంపాదన నాలుగు భాగాలు: ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, ఒకటి ఆపద కోసం దాచడానికి. చూడండి, అనుభవించడానికి ఒక భాగం ఇచ్చాడు. బుద్ధుడు దరిద్రాన్ని గొప్ప చెయ్యలేదని బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా నొక్కి చెప్పారు. ఇంకోచోట అనాథపిండికుడికి గృహస్థు సుఖాలు చెబుతూ, సంపద ఉండటం, దాన్ని అనుభవించడం, తప్పు చెయ్యకుండా బతకడంతో పాటు అప్పు లేకపోవడాన్ని కూడా ఒక సుఖంగా లెక్కపెట్టాడు. క్రెడిట్ కార్డు మీద నాలుగు రోజుల సెలవు గడిపి ఏడాదంతా వడ్డీ కట్టే కుటుంబం ఒక సుఖాన్ని ఇంకో సుఖంతో కొనుక్కుంటోంది. ఈ అలవాటు అమెరికాకే పరిమితం కాదని మీకు తెలుసు.

ఈ వారం ఇంట్లో చెయ్యడానికి ఒక పని. మీరు పదేపదే వెళ్లే చోటు ఏదైనా తీసుకోండి. పార్కు కావచ్చు, షాపింగ్ మాల్ కావచ్చు, ఏటా వెళ్లే కొండ ఊరు కావచ్చు. పోయినసారి అక్కడ నిజంగా బాగున్న క్షణాలు ఒక కాగితం మీద రాయండి, ఎంత చిన్నవైనా. పక్కన వాటికైన ఖర్చు రాయండి, క్యూలో నిలబడ్డ గంటలు కూడా. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల జాబితా వాళ్లనే రాయమనండి, మీది చూపించకుండా. మళ్లీ టికెట్ కొనే ముందు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. కొనాలనిపిస్తే కొనండి.