పెనం మీద బొట్టు, వేళ్ల మధ్య కందిబద్ద

చి|| సౌమ్యకు,



మొన్న ఫోన్లో "రోజంతా గిర్రున తిరిగే ఫ్యానుకి దుమ్మెలా పడుతుంది అమ్మమ్మా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే మీ మావయ్య "పరీక్షలు పెట్టుకుని ఇవా నీ ప్రశ్నలు!" అని అందుకున్నాడు. నువ్వు నవ్వేసి ఊరుకున్నావు. హైస్కూల్లో సైన్సు చెప్పిన ప్రాణం కదా, నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫ్యాను సంగతి ముందు తేల్చేస్తాను. రెక్కను ఆనుకుని ఉన్న పల్చటి గాలిపొర రెక్కతో పాటే తిరుగుతూ ఉంటుంది. ఆ పొరలోకి చేరిన సన్న దుమ్ముకి విసురు తగలదు, అలాగే అంటుకుపోతుంది. వంటింటి ఫ్యానైతే నూనె జిడ్డు కూడా తోడు. ఈ పొర సంగతి 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ ఆయన హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణితజ్ఞుల మహాసభలో చెప్పాడు. తర్వాత విమానం రెక్కల లెక్కలకి అదే ఆధారమైంది. ఈసారి ఫ్యాను తుడిచేటప్పుడు చూడు, గాలిని కోసుకుంటూ పోయే ముందంచునే దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది.

ఇలాంటి ప్రశ్నల మీద నాకు మొదటినుంచీ మమకారం. విశ్వం ఎలా పుట్టిందని అడిగితే నువ్వూ నేనూ చేయగలిగింది ఏమీ లేదు, ఎవరో చెప్పింది నమ్మాలి. వీటికైతే కావలసిన సామానంతా ఇంట్లోనే ఉంటుంది. అయినా ఏళ్లతరబడి బుర్ర తొలుస్తూనే ఉంటాయి, ఎవరూ ఓ పూట కూర్చుని చూడరు గనక.

దోశల పెనమే తీసుకో. కాలిందో లేదో చూడ్డానికి నాలుగు చుక్కలు నీళ్లు చిలకరిస్తాం. ఓ మోస్తరుగా కాలితే బొట్టు పరుచుకుని, చుయ్యిమని, చిటికెలో ఇగిరిపోతుంది. పెనం సంగతి మరిచిపోయి మరీ కాలనిచ్చామనుకో, అప్పుడు చుయ్యిమనదు. గుండ్రంగా పూసకట్టి, పెనం మీద అటూ ఇటూ పరుగులు పెడుతుంది. ఎంతకీ ఇగరదు. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా ఆవిరైపోవాలి కదా, మరి ఎక్కువసేపు బతకడమేమిటి? మా అమ్మ దీన్ని రోజూ చూసేది. కారణం ఆవిడకి అక్కర్లేదు, "బొట్టు పరిగెడితే పిండి వెయ్యకు" అనేది, అంతే. వేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు. పిండి పడ్డచోటే గట్టిపడి, తిప్పబోతే ఉండలుగా గరిటెకి చుట్టుకుని లేచొస్తుంది. మళ్లీ నీళ్లు చల్లి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మంట తగ్గించాలి.

ఈ బొట్టు దగ్గర ఓపిగ్గా కూర్చున్నవాడు యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్. జర్మనీలో డ్యూయిస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చెప్పేవాడు. ఇనప గరిటెని ఎర్రగా కాల్చి, ఒక్కొక్క నీటిబొట్టే వేస్తూ, లోలకం ఊపులతో కాలం లెక్కపెట్టుకున్నాడు. ఎర్రటి గరిటెలో మొదటి బొట్టు అరనిమిషానికి పైనే నిలిచింది. గరిటె చల్లారేకొద్దీ తర్వాతి బొట్లు గబగబా ఇగిరిపోయాయి. 1756లో ఇదంతా మామూలు నీళ్ల గురించిన తన లాటిన్ పుస్తకంలో రాసుకున్నాడు. అసలు జరిగేదేమిటంటే, బొట్టు అడుగుభాగం లోహాన్ని తాకీ తాకగానే ఆవిరై, ఆ ఆవిరే మిగతా బొట్టుని పైకెత్తి పడుతుంది. ఆవిరిలోంచి వేడి అంత తేలిగ్గా దాటదు. కాస్త అటూ ఇటూగా 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ ఆట మొదలవుతుంది. ఒక గరిటె, ఒక లోలకం, బోలెడు ఓపిక, ఆయన ప్రయోగశాల అదే.

ఇంక నీ మెటికల గోల. చదువుకుంటూ నువ్వు టపటపా విరవడం, "కీళ్లు పాడవుతాయే" అని మీ అమ్మ అరవడం. తమాషా ఏమిటంటే, పిల్ల పట్టు పరికిణీ కట్టుకుని వస్తే మొహం చుట్టూ చేతులు తిప్పి, కణతలకి ఆనించి మెటికలు విరిచి దిష్టి తీసేదీ ఆ పెద్దవాళ్లే! అమెరికాలో డోనాల్డ్ ఉంగర్ అనే డాక్టరుకీ చిన్నప్పుడు తల్లి, పిన్నులు, పెళ్లయ్యాక అత్తగారు ఇదే చెప్పారట. ఆయన వాదించలేదు. ఎడంచేతి మెటికలు మాత్రం రోజుకి కనీసం రెండుసార్లు విరుస్తూ, కుడిచేతిని వదిలేసి, యాభై ఏళ్లు గడిపాడు. 1998లో ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు, ఏ చేతికీ కీళ్లవాతం రాలేదని. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు, నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పనులకి ఇస్తారది. ఒక్క మనిషి రెండు చేతులతో శాస్త్రం తేలిపోదు, ఒప్పుకుంటాను. కానీ భయపెట్టినవాళ్లు ఆ మాత్రం కూడా చూడలేదు కదా!

ఆ చప్పుడు ఎందుకొస్తుందన్నది ఇంకా పెద్ద తగువు. కీలు లోపలి ద్రవంలో బుడగ ఏర్పడటం వల్లనని 1947లో ఎక్స్‌రేలు చూసినవాళ్లు అన్నారు. కాదు, ఆ బుడగ చితికిపోవడం వల్లనని 1971లో ఇంకొందరు. 2015లో కెనడాలో ఎమ్మారై తీసి, చప్పుడయ్యాక కూడా ఆ ఖాళీ అలాగే ఉంది గనక ఏర్పడటమే కారణమన్నారు. 2018లో మరో ఇద్దరు లెక్కగట్టి, బుడగ కొంత చితికినా చప్పుడొస్తుందని మళ్లీ మొదటికి తెచ్చారు. ఒకసారి విరిచిన వేలు మళ్లీ మోగడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందన్నది మాత్రం ఎవరూ కాదనరు. నువ్వే చూసుకోవచ్చు.

చివరగా నీకో పని. పున్నమి చంద్రుడు తూర్పున లేచేటప్పుడు కంచమంత కనిపిస్తాడు, నడినెత్తికొచ్చేసరికి చిన్నబోతాడు. చెట్లూ ఇళ్లూ పక్కనుండటం వల్లనే అంటారు కొందరు. నడిసముద్రంలో చెట్టూ లేదు, చేమా లేదు, అక్కడా పెద్దగానే కనిపిస్తాడు మరి. ఫోటో తీస్తే రెండూ ఒకటే సైజు. ఇంకా చెప్పాలంటే, లేచేటప్పుడే మనకి సుమారు ఆరువేల కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. రెండువేల ఏళ్లకి పైగా పండితులు తలలు పట్టుకున్నా, అందరూ ఒప్పుకున్న జవాబు ఇప్పటికీ లేదు.

వచ్చే పౌర్ణమికి డాబా ఎక్కు. చెయ్యి బారచాచి, ఒక కందిపప్పు బద్దని రెండువేళ్ల మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి చంద్రుడికి అడ్డం పెట్టు. లేచినప్పుడొకసారి, అర్ధరాత్రి మళ్లీ ఒకసారి. రెండుసార్లూ ఆ బద్దే సరిపోతుంది. చెయ్యి దించగానే కన్ను మళ్లీ మొదటి మాటే అంటుంది. ఏం చూశావో ఉత్తరం రాయి, మీ మావయ్యకి నేను చదివి వినిపిస్తాను. హాస్టల్ మెస్‌లో నాలుగు బద్దలు ఎక్కువే అడుగు, చీకట్లో ఎలాగూ రెండు పారేసుకుంటావు.

ఇట్లు
మీ అమ్మమ్మ