వరి సేద్యములో చేతి రొక్కము: కంపెనీల లెక్క, రైతు లెక్క

బీర్కూరు ప్రాంతము మంజీర నీటితో, నిజాంసాగరు కాలువలతో రెండు పంటలు పండు వరి సీమ. ఒకప్పుడు విత్తనము ఇంటిది, ఎరువు దొడ్డిది, ఎద్దులు స్వంతవి. నేడు దుక్కి, నాట్లు, కలుపు, కోత, రవాణా అన్నియు రొక్కముతోనే జరుగుచున్నవి. పంట బాగుగా పండిన రైతు సైతము సమయమునకు రొక్కము లేక అడ్తిదారు వద్ద అప్పుచేసి, ఆయన చెప్పిన ధరకే ధాన్యము అప్పగించుట కద్దు. లాభము వేరు, చేతిలోని రొక్కము వేరు. ఈ భేదమును కంపెనీలు ఎట్లు గమనించునో రైతు సోదరులు తెలిసికొనవలెను.

కంపెనీలు చేయు పని

యంత్రములకు, భవనములకు పెట్టునది స్థిర పెట్టుబడి. ముడిసరుకు, కూలి, విద్యుత్తు మొదలగు దినదిన ఖర్చులకు కావలసినది నిర్వహణ పెట్టుబడి. దీనినే వర్కింగు క్యాపిటల్ అందురు. మొదటిది ఏండ్ల తరబడి తిరిగివచ్చును. రెండవది సరుకు అమ్మగానే తిరిగిరావలెను.

బోధనులో 1937లో స్థాపింపబడి, 2015లో మూతపడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ మన రైతులకు సుపరిచితము. ఏ చక్కెర మిల్లుకైనను చెరకు కొద్ది నెలలలోనే వచ్చును. చక్కెర మాత్రము ఏడాది పొడవున అమ్ముడగును. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము రైతుకు 14 దినములలో ధర చెల్లింపవలెను. ఆలస్యమైనచో సాలుకు నూటికి 15 వంతున వడ్డీ ఈయవలెను. కావున మిల్లులు గోదాములోని చక్కెరను బ్యాంకుకు కుదువబెట్టి అప్పు తీసికొని, అమ్మిన కొలది తీర్చును. సొమ్ము ఎన్ని దినములు సరుకులో చిక్కుకొని యుండునో ముందే లెక్కించుట ఇందలి కీలకము.

మన పొలములో ఈ లెక్క

ఉదాహరణకు నాలుగు ఎకరముల వానకాలపు వరికి జూన్‌లో 20 వేలు, జూలైలో 35 వేలు, ఆగస్టు, సెప్టెంబరులలో 20 వేలు, కోత, రవాణాలకు 25 వేలు, వెరసి లక్ష రూపాయలు కావలెననుకొందము. నారు పోసిన నాటినుండి కోతకు 130 దినములు, ఆరబెట్టి అమ్మి సొమ్ము చేరుటకు 20 దినములు పట్టినచో, మొదటి రూపాయి 150 దినములు చిక్కుకొన్నట్లే. ఆ సొమ్ము చేరకముందే యాసంగి నారుమడి ఖర్చు మొదలగును. ఇబ్బంది వచ్చునది ఇచ్చటనే.

లక్ష రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఆరు నెలలకు 12,000 వడ్డీ. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంట రుణమును గడువులో తీర్చినవారికి సాలుకు నూటికి 4 వంతున 2,000 మాత్రమే. మిగులు 10,000. 2025-26లో ఏ గ్రేడు ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అనగా నాలుగు క్వింటాళ్ళకు పైగా ధాన్యము వడ్డీ క్రింద పోకుండ నిలిచినది.

పాటింపవలసినవి

1. నెలవారీ రాకడ, పోకడలను మే నెలలోనే వ్రాసికొనవలెను.

2. పంట రుణమును ట్రాక్టరు కొనుగోలుకో, పెండ్లికో వాడరాదు. పంట సొమ్ము పంటకే తిరుగవలెను.

3. కార్డు సొమ్మును ఒక్కసారిగా తీయక ఖర్చు వచ్చినపుడే తీసినచో వడ్డీ ఇంకను తగ్గును.

4. ఉద్దెర మందుల నగదు ధర అడుగవలెను. వెయ్యి రూపాయల మందు నాలుగు నెలల ఉద్దెరపై 1,080 అయినచో అదియు నెలకు రెండు రూపాయల వడ్డీయే.

5. ధాన్యమును తేమ 17 శాతమునకు మించకుండ ఆరబెట్టి, తాలు తీసి కొనుగోలు కేంద్రమునకు తేవలెను. పాసుపుస్తకము, బ్యాంకు ఖాతా వివరములు ముందే సరిచూచుకొనినచో చెల్లింపు ఆలస్యము తగ్గును.

6. వానకాలపు సొమ్ము రాగానే యాసంగి నారుకు, దుక్కికి కావలసినంత ప్రక్కన నుంచవలెను.

గ్రామాధికారులు, సహకార సంఘ కార్యదర్శులు రైతు వేదికలలో ఈ లెక్కను రైతులచే వ్రాయించినచో, అప్పుకై ఎవరి గడప ఎప్పుడు తొక్కవలెనో ముందే తేలును. ధాన్యము ఎవరికి అమ్మవలెనన్నది రైతు చేతిలోనే యుండును.